మంచును చదివిన మనిషి – టెన్జింగ్ నార్గే



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని అడిగితే నాకు టెన్జింగ్ నార్గే గుర్తుకొచ్చారు. ఎవరెస్టు ఎక్కిన తొలి ఇద్దరిలో ఒకరని జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక్క మార్కు కోసం అందరం చదువుకున్నదే. అయితే నేను శిఖరం గురించి కన్నా ఆ శిఖరానికి వెళ్లే దారిలోని మంచు గురించి ఎక్కువ చెప్పదలచుకున్నాను. ఎందుకంటే ఆయనకు అక్షరాలు చదవడం రాదు. మంచును చదవడం వచ్చు.

బాల్యం

టెన్జింగ్ 1914లో పుట్టారు. పదముగ్గురు పిల్లల్లో పదకొండోవారు. తల్లిదండ్రులు జడల బర్రెలు మేపుకుని బతికేవారు. పేదరికం వల్ల బడి ముఖం చూడలేదు. పెరిగింది ఎవరెస్టు దగ్గర్లోని నేపాల్ పల్లె థామేలో. పద్దెనిమిదేళ్ల వయసులో, 1932లో, ఇల్లు వదిలి పనికోసం డార్జిలింగ్ చేరారు. ఆ రోజుల్లో హిమాలయాలు ఎక్కడానికి వచ్చే తెల్లదొరలు సామాన్లు మోసే షెర్పా కూలీలను అక్కడినుంచే తీసుకువెళ్లేవారు. 1933 యాత్రకు ఆయనను ఎంచుకోలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ బృందంలో మొదటిసారి మోతకూలీగా అవకాశం దొరికింది.

మొదటి పాఠం

ఎవరెస్టుకు టిబెట్ వైపునుంచి వెళ్లే దారిలో నార్త్ కోల్ అనే కనుమ ఉంది. దాని కిందనున్న వాలు మీద 1922 జూన్ 7న మంచు చరియలు విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. ఎవరెస్టు యాత్రల్లో మంచు చరియలు అన్ని ప్రాణాలు తీయడం అదే మొదలు. ఆ బృందంతో ఉన్న తెల్లదొరలు బతికి బయటపడ్డారు.

1935 జూలైలో షిప్టన్ బృందం అదే వాలు ఎక్కి పైన గుడారాలు వేసుకుంది. కొద్దిరోజులకు దిగి వస్తుంటే, తాము ఎక్కివచ్చిన దారే లేదు! దాదాపు ఆరడుగుల మందాన మంచు పెద్ద పలకగా విరిగి కిందికి జారిపోయింది. వాళ్లు దాని మీద ఉన్న సమయంలో విరగలేదు, అంతే. షిప్టన్ ఇక పైకి వెళ్లడం మానుకున్నారు. మరుసటి ఏడు 1936లోనూ టెన్జింగ్ వెళ్లారు. ఆ ఏడు అదే వాలుపై షిప్టన్, విన్ హారిస్ ఇద్దరూ మంచు చరియలో చిక్కి అదృష్టవశాత్తు బయటపడ్డారు.

మంచు ఎందుకిలా విరుగుతుంది? నేను ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థిని కనుక రెండు ముక్కల్లో చెబుతాను. కొండమీద మంచు అంతా ఒకే ముద్ద కాదు. ఒక్కో మంచు వానకు ఒక్కో పొర ఏర్పడుతుంది. పైన గాలికి చలి ఎక్కువ, కింద నేల దగ్గర కొంచెం వెచ్చదనం. ఈ తేడా వల్ల లోపలి మంచు రేణువులు ఒకదానినొకటి పట్టుకోలేక పంచదార పలుకుల్లా విడిపోతాయి. దానిపై గాలి తెచ్చి కుదించిన మంచు గట్టి పలకలా పేరుకుంటుంది. ఏటవాలుగా పోసిన ఇసుక మీద షాబాదు బండ పరిచినట్టన్న మాట. ఒక మనిషి కాలు పెట్టిన బరువు చాలు, కింది పొర కూలి పైపలక మొత్తం జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు అన్నిటికన్నా ప్రమాదం. మంచులో కూరుకున్న మనిషిని పావుగంటలోపు తీస్తే బతికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ప్రతి నిమిషానికీ తగ్గిపోతుంది.

పైకి చూస్తే మాత్రం తెల్లగా, నునుపుగా, గట్టిగా కనిపిస్తుంది. అదే దాని మోసం. కింద ఏముందో ఎన్నోసార్లు నడిచిన కాలికే తెలుస్తుంది. టెన్జింగ్ గారి చదువు అక్కడ సాగింది.

వద్దన్న రోజు

1937 జూన్‌లో నంగా పర్బత్ పర్వతంపై ఒక జర్మన్ శిబిరం మీద రాత్రివేళ మంచు పడి పదహారుమంది నిద్రలోనే సమాధి అయ్యారు. అందులో తొమ్మిదిమంది షెర్పాలు. ఆ వార్త డార్జిలింగ్‌లో ఎన్ని ఇళ్లల్లో ఏడుపు తెచ్చిందో ఊహించుకోండి.

1950 చివర్లో ముగ్గురు బ్రిటిష్ యువకులు అదే నంగా పర్బత్‌కు బయలుదేరారు. పేర్లు థార్న్‌లీ, క్రేస్, మార్ష్. వారి వెంట నలుగురు షెర్పాలు. వారి నాయకుడు, అంటే సర్దార్, టెన్జింగ్. అది డిసెంబరు. లోతైన కొత్త మంచు, భయంకరమైన చలి. కొంతదూరం పోయాక షెర్పాలు ఇక పైకి రామన్నారు. దొరలకు కూలీలు కాదని చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కూలి పోతుంది, పేరు పోతుంది, మళ్లీ ఎవరు పిలుస్తారో తెలియదు. పైగా పిరికివాళ్లన్న నింద. టెన్జింగ్ మాత్రం మాట మార్చలేదు.

ముగ్గురు యువకులూ వెళ్లారు. మార్ష్ పాదాలు గడ్డకట్టి వెనక్కి వచ్చారు. మిగిలిన ఇద్దరూ తిరిగి రాలేదు. వాళ్లను వెదకడానికి టెన్జింగ్ మళ్లీ మంచులోకి వెళ్లారు కానీ దారి సాగలేదు. తన మాట నిజమైందని ఆయన సంతోషించలేదు. ఇద్దరు మనుషులు పోయారన్న బాధే మిగిలింది.

1953 మే 29

1952లో స్విస్ బృందంతో వెళ్లిన టెన్జింగ్, రేమండ్ లాంబర్ట్‌తో కలిసి దాదాపు 8,600 మీటర్ల ఎత్తు వరకు చేరారు. అప్పటికి అంత ఎత్తు నుంచి తిరిగివచ్చినవారు లేరు. అదే ఏడు శీతాకాలానికి ముందు మళ్లీ ప్రయత్నించారు, కుదరలేదు. 1953లో జాన్ హంట్ బృందంతో వెళ్లడం ఎవరెస్టుకు ఆయనకు ఏడోసారి.

మే 29 ఉదయం ఆరున్నరకు టెన్జింగ్, న్యూజిలాండ్‌కు చెందిన ఎడ్మండ్ హిల్లరీ చివరి గుడారం విడిచారు. దక్షిణ శిఖరం కిందనున్న నిటారు వాలు దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. పైన పలుచని గట్టి పెచ్చు, లోపల పట్టులేని పొడి మంచు. హిల్లరీ కాళ్ల కింద పెచ్చు విరిగి ఆయన కొన్ని అడుగులు వెనక్కి జారిపోయారు. అప్పుడు టెన్జింగ్ అభిప్రాయం అడిగారు. ఈ మంచు తనకు ఏమాత్రం నచ్చలేదని టెన్జింగ్ దాచుకోకుండా చెప్పారు. ముందుకు వెళ్లడం మాత్రం హిల్లరీ ఇష్టానికే వదిలేశారు. వెళ్లారు. వాలు నిలబడింది. పదకొండున్నరకు ఇద్దరూ 8,848 మీటర్ల శిఖరం మీద నిలబడ్డారు.

చాలామంది ఈ ఘట్టాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నేను ఇంకో విధంగా చూస్తాను. 1950లో వద్దన్నదీ ఆ మనిషే, 1953లో నచ్చలేదంటూనే అడుగు వేసిందీ ఆ మనిషే. మొదటిది పిరికితనం కాదు, రెండోది మొండితనం కాదు. రెండుసార్లూ తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పారు. ఆ రోజు వాలు విరిగి ఉంటే మనం ఈ పేరు పుస్తకాల్లో చదివేవాళ్లం కాదు. అదృష్టం కూడా ఉందని ఒప్పుకోవడంలో తప్పులేదు.

బడికి పోని గురువు

1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. దానికి ముందే టెన్జింగ్ స్విట్జర్లాండ్ వెళ్లి శిక్షణ పొందివచ్చి, అందులో క్షేత్ర శిక్షణ డైరెక్టర్ అయ్యారు. బడికి పోని మనిషి 1976 వరకు సైనికులకు, విద్యార్థులకు కొండ పాఠాలు చెప్పారు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1986 మే 9న డార్జిలింగ్‌లో కన్నుమూశారు.

మన సంగతి

మా నాన్న బావులు తవ్వే కూలీ. వేలిముద్ర వేస్తారు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక బావిలోకి దిగనన్నారు. పైన గట్టి మట్టి, కింద ఇసుక పొర, ముందురోజు వాన. మేస్త్రి అందరి ముందూ పిరికివాడని నవ్వాడు. ఆ వారం కూలి లేదు, ఇంట్లో పప్పు లేదు. నిజం చెబుతున్నాను, సెలవుకు ఇంటికి వచ్చిన నేను కూడా సిగ్గుపడ్డాను. మూడోరోజు మధ్యాహ్నం ఆ బావి ఒడ్డు విరిగి లోపల పడింది. అందరూ సద్ది తినడానికి పైకి వచ్చారు కనుక ప్రాణాలు దక్కాయి.

ఆ సంగతి నేను మా నాన్నతో ఎన్నడూ ఎత్తలేదు. టెన్జింగ్ జీవితం చదివాక పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లి, నీకెలా తెలిసింది నాన్నా అని అడిగాను. పార దిగినప్పుడు వచ్చే చప్పుడు మారిందని చెప్పారు. యూనివర్సిటీలో నేను రెండేళ్లు చదివిన పొరల పాఠం ఆయన చెవిలో ఉంది.

2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఎవరెస్టు దారిలో మంచుగడ్డలు విరిగిపడి పదహారుమంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. దారి వేసేవాళ్లు, బరువులు మోసేవాళ్లు. 1922లో ఎవరు పోయారో 2014లోనూ వాళ్లే. అదే ఏడు మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ టిబెట్ వైపునుంచి శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్లు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద పోయిన పదిమంది సైనికుల్లో మన కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. మంచు మనకు దూరమైన సంగతి కాదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనలో చాలామంది ఇళ్లల్లో మనమే మొదటి చదువుకున్నవాళ్లం. రేపు ఇంజనీర్లమో, ఆఫీసర్లమో అయి ఒక పని చేయించేటప్పుడు, కిందనున్న కూలీ ఈ చోటు బాగాలేదంటే నవ్వకండి. ఒక్క నిమిషం ఆగి, ఎందుకని అడగండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మానాన్నలనూ ఒకసారి అడిగి చూడండి.