ముసాషినో క్రీడాశాలయు, ఇచిరో ఒగిమురాయు

మన వార్షిక సంచికయందు సాధారణముగా మన కులమున జన్మించి పేరొందినవారి చరిత్రములే ప్రకటింపబడుచుండును. ఇది అట్టిది కాదు. జపాను దేశీయుడును, టేబిల్ టెన్నిసు క్రీడలో ప్రపంచవిజేతయు నగు ఇచిరో ఒగిమురా చరిత్రమిది. అయినను దీనిని నేనెన్నుకొనుటకు అతని విజయములు కారణము కావు. ఒక పేటలోని చిన్న క్రీడాశాలయు, ఆ పేటవారి చిల్లర నాణెములును గలసి తండ్రిలేని బిడ్డ నొకని లోకమునకు బంపిన విధము నన్నాకర్షించినది. వసతిగృహములకును విద్యార్థి వేతనములకును చందాలు ప్రోగుచేయు మన సోదరులకు ఈ కథ పరాయిదిగా దోపదని నా నమ్మకము.

ఒగిమురా 1932 వ సంవత్సరము జూన్ 25 వ తేదీన సముద్రతీరమందలి ఇతో పట్టణమున జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి ఉద్యోగము చేసి కుమారుని బెంచెను. అతడు టోకియోలో ఉన్నత పాఠశాలయందు చదువుచున్న కాలమున నగరమింకను యుద్ధమువలని దగ్ధావస్థనుండి పూర్తిగా దేరుకొనలేదు. విశాలమగు మైదానములు గాని విలువగల పరికరములు గాని అక్కరలేని యాటలకే ఆనాడు అవకాశముండెను. పింగుపాంగునకు కావలసినది తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల బల్ల, ఆరంగుళముల యెత్తు వల, ఒక తేలిక బంతి, అంతియే. పదునారవ యేట ఒగిమురా ఈ యాటకు జిక్కెను. ప్రపంచవిజేత కాగోరువానికి ఆ వయస్సు మిక్కిలి యాలస్యమే.

టోకియోకు పడమట రైలుమార్గము వెంబడినున్న కిచిజోజి యను పేటలో ముసాషినో పింగుపాంగుశాల యను నొక చిన్న శాల యుండెను. ఒక గృహిణి దానిని నడుపుచుండెను. రాజపోషణము గాని ధనికుల ప్రాపు గాని దానికి లేదు. విద్యార్థులు, పనివారు, ఇరుగుపొరుగువారు వచ్చి ఆడుకొని పోవుచుండెడివారు. ఈ బాలుడు మాత్రము ఆడుకొని పోవువాడు కాడాయెను. అతని పట్టుదలను గనిపెట్టిన ఆ యిల్లాలు అతనికి రెండవ తల్లివలె నయ్యెను. ఎదుట నాడువారు లేని వేళ అతడు ఒంటరిగనే బంతిని గొట్టుచుండెను. కాళ్ల బలిమికై పరుగులును గెంతులును సాధన చేయుచుండెను. తన యాటలోని లోపములను పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఆట యనిన చదువునకు శత్రువని తలచి, ఆటగంటను లెక్కలగంటగా మార్చు ఉపాధ్యాయులు మా వృత్తియందు నేటికిని గలరు. ఈ బాలుని పుస్తకమును వారు చూడదగును. అతని సాధన కఠోరము. తోడివారినుండియు నంతయే కోరుటచే అందరికిని ప్రియుడు కాలేకపోయెను.

ఇచ్చట మన దేశమును స్మరింపవలసియున్నది. 1952 లో ప్రపంచ పోటీలు ఆసియా ఖండమున మొదటిసారిగా బొంబాయి నగరమున జరిగెను. జపానువారు తొలిసారి వాటియందు బాల్గొనిరి. హిరోజి సాతో యను నతడు దళసరి స్పాంజి నంటించిన బ్యాటుతో ఆడి, బంతి చప్పుడైనను సరిగా వినబడక కలతచెందిన ప్రత్యర్థుల నోడించి విజేత యయ్యెను. ఆ విజయము జపాను యువకులందరికిని కనువిప్పయ్యెను. మరుసటి యేట ఒగిమురా తన దేశపు ఛాంపియను అయ్యెను. 1954 లో లండను నగరమున జరుగు పోటీలకు ఎన్నికయు నయ్యెను.

ఎన్నికయైనంత మాత్రమున బోవుటకు వీలులేదు. ప్రయాణమునకు ఇంచుమించు ఎనిమిది లక్షల యెన్నులు ఆటగాడే తెచ్చుకొనవలెను. ఆనాడు క్రొత్తగా కొలువున జేరిన పట్టభద్రునకు నెలకు పదివేల యెన్నులైనను వచ్చుట దుర్లభము; ఆరేడేండ్ల జీతము గూడబెట్టినను చాలని మొత్తమిది. విధవయగు తల్లి ఎచ్చటనుండి తెచ్చును? అప్పుడు ముసాషినో శాలలోని వారందరు ఆ యిల్లాలితో గూడి రైలు స్టేషనుల ముంగిట నిలిచి, వచ్చుపోవువారిని యాచించిరి. పరాజితమై, పేదయై యున్న దేశమున, తాము పేరైన నెరుగని విద్యార్థికై జనులు నాణెములు వేసిరి. చందాలకై వీధుల దిరిగినవారికే ఆ నిలువుకాళ్ల కష్టము తెలియును. ఆ చిల్లరతోనే ఒగిమురా లండను జేరెను.

అచ్చటి ప్రేక్షకులు అతని నాదరింపలేదు. యుద్ధమున జపానువారివలన బాధపడినవారి జ్ఞాపకములు ఆరలేదు. వారిని దప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. అయినను ఒగిమురా అంతిమ పోటీలో స్వీడను దేశీయుడగు ఫ్లిస్బెర్గు నోడించి ప్రపంచవిజేత యయ్యెను. జట్టు పోటీయందును జపాను గెలిచెను. 1956 లో టోకియోలో మరల నతడే విజేత. 1961 నాటికి అతని ప్రపంచ స్వర్ణపతకములు మొత్తము 12.

అంతటితో నిలిచియున్నచో ఈ వ్యాసము వ్రాయుట కష్టమే. స్వీడను దేశమునకు బోయి అచ్చటి యువకులకు తన విద్యను దాచక నేర్పెను. 1962 లో చైనా ప్రధానమంత్రి చౌ ఎన్-లై యాహ్వానముపై ఆ దేశమునకు బోయెను. జపానుకు చైనాతో దౌత్యసంబంధములు లేని కాలమది. తానెరిగిన విద్యను నేర్పినచో శిష్యులు తన దేశమునే ఓడింతురని అతనికి దెలియును. అట్లే జరిగెను గూడ. 1971 లో నగోయా పోటీలకు చైనావారు తిరిగి వచ్చుటకై కృషిచేసినవారిలో అతడొకడు. ఆ పోటీలనుండియే అమెరికా ఆటగాండ్రు చైనాకు బోయిరి. మరుసటి యేట నిక్సను అధ్యక్షుడు బోయెను.

1987 లో అతడు అంతర్జాతీయ టేబిల్ టెన్నిసు సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను. ఆ పీఠమున మూడవవాడు; ఆసియానుండి మొదటివాడు. పరస్పర వైరమున నున్న ఉత్తర దక్షిణ కొరియాలకు పలుమారులు దిరిగి, ఇరువురిని ఒప్పించి, 1991 లో జపానులోని చిబా పోటీలకు ఒకే జట్టును బంపునట్లు చేసెను. రెండు దేశములుగా విడిపోయిన జనము ఒక్క పతాకము క్రింద నిలిచెను. ఆ జట్టు స్త్రీలు, ఎనిమిది పర్యాయములు వరుసగా గెలిచియున్న చైనాను ఓడించిరి. జాతీయగీతములకు బదులు ఇరువురికిని సొంతమగు అరిరంగు పాటను వాయించిరి.

పదవిలో నుండగనే శ్వాసకోశపు కేన్సరుచే 1994 వ సంవత్సరము డిసెంబరు 4 వ తేదీన, తన 62 వ యేట, ఒగిమురా మరణించెను. చందాలెత్తిన స్టేషనుల చెంతనే, మితాకాలో, అతడు స్థాపించిన టేబిల్ టెన్నిసు క్లబ్బున పిల్లలు ఆట నేర్చిరి. జపానులో అతని పేర అంతర్జాతీయ పోటీలు అనేక వత్సరములు జరిగెను.