కొండపల్లి శేషగిరిరావు

కొండపల్లి శేషగిరిరావు (జనవరి 27, 1924 - జూలై 26, 2012) తెలంగాణకు చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు, అధ్యాపకుడు, కళావ్యాసకర్త. పోతన, తెలుగుతల్లి రూపచిత్రాల వలన ఈయన సామాన్య ప్రజలకు కూడా పరిచితుడు. పౌరాణిక, కావ్య ఘట్టాలతో పాటు దక్కను ప్రకృతి దృశ్యాలను చిత్రించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

శేషగిరిరావు నాటి వరంగల్లు జిల్లా మానుకోట (మహబూబాబాదు) తాలూకాలోని పెనుగొండ గ్రామంలో గోపాలరావు, రామచూడమ్మ దంపతులకు జన్మించాడు. ఈ గ్రామం 2016లో జరిగిన పునర్విభజనతో మహబూబాబాదు జిల్లాలోకి వచ్చింది. అనంతపురం ప్రాంతపు పెనుకొండ వేరు. హనుమకొండలో చదువుకొనే రోజులలోనే చిత్రలేఖనం పట్ల ఆసక్తి ఏర్పడింది. ఈయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించిన వారిలో ముఖ్యుడు మెహదీ నవాజ్ జంగ్. నిజాం ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసిన ఈయనే తరువాతి కాలంలో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరయ్యాడు.

శేషగిరిరావు హైదరాబాదులోని ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో శిక్షణ పొందిన పిదప శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ వద్ద అభ్యసించాడు. పాశ్చాత్య పద్ధతిలో మనిషిని ఎదుట కూర్చోబెట్టి గీయడం మొదటిచోట అలవడగా, రేఖకు ప్రాధాన్యమిచ్చే భారతీయ సంప్రదాయం, భిత్తిచిత్ర రచన రెండవచోట పట్టుబడ్డాయి. ఈ రెండింటి కలయికే ఈయన శైలి అని చెప్పవచ్చు. హైదరాబాదుకు తిరిగివచ్చి లలితకళల కళాశాలలో అధ్యాపకుడుగా చేరి, 1984లో పదవీ విరమణ చేశాడు.

రూపచిత్రాలు

ఈయన కీర్తికి కారణమైన రూపచిత్రాలలో కొన్ని, చిత్రకారుడు చూడని, చూడజాలని వ్యక్తులవి. పోతన 15వ శతాబ్దపు కవి. ఆయన కాలంనాటి చిత్రం ఏదీ లభించలేదు. ఆయన స్వస్థలం కడప జిల్లా ఒంటిమిట్ట అని కొందరు, ఓరుగల్లు సీమలోని బమ్మెర అని కొందరు చాలాకాలం వాదించారు. బమ్మెర ప్రస్తుతం జనగామ జిల్లాలో, పాలకుర్తి సమీపాన ఉంది. ఆ సీమలోనే పుట్టి పెరిగిన శేషగిరిరావు పోతనకు ఇచ్చిన రూపం జనంలో నిలిచిపోయింది.

1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంగా తెలుగుతల్లి చిత్రాన్ని రూపొందించాడు. తెలుగువారి ఐక్యతకు చిహ్నంగా భావింపబడిన ఈ రూపాన్ని ఇచ్చినది తెలంగాణ బిడ్డ కావడం గమనార్హం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో తెలుగుతల్లికి బదులుగా తెలంగాణ తల్లి రూపం ముందుకు వచ్చింది. 2014లో రాష్ట్రం ఏర్పడింది. ఈ వివాదం చిత్రం చుట్టూ జరిగినదే గాని చిత్రకారుని గౌరవాన్ని తగ్గించలేదు.

కాకతీయ శిల్పం, నకాశీ చిత్రాలు

కాకతీయ చరిత్ర, శిల్పం ఈయనకు అభిమాన విషయాలు. 1213లో నిర్మితమైన పాలంపేట రామప్ప దేవాలయం ఆ శిల్పానికి తలమానికం. ఈ ఊరు 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాలోకి మారింది. అంతగా ఆదరణకు నోచుకోని చేర్యాల నకాశీ చిత్రకళను గురించి కూడా శేషగిరిరావు అధ్యయనం చేశాడు. గుడ్డపై చింతగింజల జిగురు, సుద్ద పూసి, ఎర్రని నేపథ్యంపై కులపురాణాలను వరుస బొమ్మలుగా వేసే కళ ఇది. కథకులు ఈ పటాలను ఊరూరా విప్పి చూపుతూ కథ చెప్పేవారు. చేర్యాల అప్పట్లో జనగామ ప్రాంతంలోనిది, 2016 నుండి సిద్ధిపేట జిల్లాలో ఉంది. ఈయన కళావ్యాసాలు చిత్రశిల్పకళారామణీయకము అనే గ్రంథంగా వెలువడ్డాయి.

ప్రకృతి దృశ్యాలు

హైదరాబాదు పరిసరాలలోని గ్రానైటు గుండ్లు ఈయనను విశేషంగా ఆకర్షించాయి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ రాళ్ళలో మనుషుల, జంతువుల ఆకారాలను దర్శించి చిత్రించాడు. నగరం విస్తరించేకొద్దీ ఇటువంటి గుండ్లు అనేకం పగులగొట్టబడి భవనాలకు, రోడ్లకు కంకరగా మారిపోయాయి. ఆ కారణంగా ఈ చిత్రాలకు కళాఖండాలుగానే కాక, నేల రూపురేఖలను తెలిపే ఆధారాలుగా కూడా విలువ ఏర్పడింది. పోతన, తెలుగుతల్లి చిత్రాలకు లభించినంత ప్రచారం మాత్రం వీటికి లభించలేదు.

శేషగిరిరావు 2012 జూలై 26న తన 88 ఏళ్ళ వయసులో మరణించాడు.