రిపేరు యార్డు నుంచి నార్మండీ తీరానికి

కోర్ బ్రాంచ్ చదివాక మెయింటెనెన్స్ జాబ్ ఆఫర్ వస్తే మనోళ్లు చాలామంది మొహం చిట్లిస్తారు. డిజైన్ చేస్తేనే ఇంజినీరు, స్పానర్ పడితే మెకానిక్ అని ఓ లెక్క. ఆండ్రూ జాక్సన్ హిగ్గిన్స్ కథ తెలిస్తే ఆ లెక్క మారొచ్చు.

హిగ్గిన్స్ 1886లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టారు. హైస్కూలు చదువే పూర్తి కాలేదు, ఇక డిగ్రీ మాటెక్కడిది! దక్షిణాదికి వెళ్లి కలప వ్యాపారంలోకి దిగారు. 1922లో న్యూ ఆర్లీన్స్‌లో సొంత కంపెనీ పెట్టారు. కలప ఎగుమతికి తెరచాప ఓడలు కొన్నారు. ఓడ కొనడంతో పని అయిపోదు, దాన్ని నడిచే స్థితిలో ఉంచాలి. అందుకే రిపేర్ల కోసం సొంతంగా ఓ యార్డు కట్టుకున్నారు. 1930 నాటికి కలప వ్యాపారం దెబ్బతింది. పడవల పని మాత్రం నిలిచింది.

అక్కడి కస్టమర్లు లూసియానా చిత్తడి నేలల్లో తిరిగే వేటగాళ్లు, చమురు తవ్వకాల వాళ్లు. లోతు లేని నీళ్లు, తేలే దుంగలు, ఇసుక మేటలు. మామూలు పడవకి అక్కడ ముందు పాడయ్యేది ప్రొపెల్లరే. హిగ్గిన్స్ దాన్ని పడవ అడుగున సొరంగం లాంటి గాడిలోకి జరిపారు. ముక్కు భాగంలో గట్టి దుంగ బిగించారు. దాంతో పడవ నేరుగా ఒడ్డెక్కి, రివర్స్‌లో మళ్లీ నీళ్లలోకి దిగేది. దాని పేరు యురేకా.

సైన్యాన్ని తీరంలో దించడానికి సరిగ్గా ఇలాంటి పడవే కావాలి. కానీ నేవీ డిజైన్ విభాగం సొంత నమూనాలనే పట్టుకుని కూర్చుంది. మెరైన్ కోర్ మాత్రం హిగ్గిన్స్ వైపు మొగ్గింది. చైనాలో జపాన్ సైన్యం వాడిన ర్యాంప్ పడవల ఫొటోలు అప్పటికే మెరైన్ల దగ్గరున్నాయి. 1941లో హిగ్గిన్స్ తన పడవ ముందుభాగాన్ని కిందికి వాలే ర్యాంప్‌గా మార్చారు. అదే ఎల్‌సీవీపీ. సుమారు 36 అడుగుల పొడవు, ఒక ట్రిప్పుకి 36 మంది సైనికులు లేదా ఒక జీపు. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో సైనికుల్ని దించినవి ఈ పడవలే. యుద్ధకాలంలో ఇలాంటివి 20 వేలకు పైగా తయారయ్యాయి.

అన్ని పడవలకి స్పేర్లు ఎలా అందించాలి? ఎల్‌సీవీపీలో ఉండేది సాధారణంగా జీఎం 6-71 రకం డీజిల్ ఇంజిన్. ట్యాంకులు మోసే ఎల్‌సీఎం-3లోనూ అదే రకం, కాకపోతే రెండు. అంటే ఒకే రకం స్పేర్ స్టాక్‌తో రెండు రకాల పడవల పని జరుగుతుంది. పడవ పక్కలు ప్లైవుడ్, కాబట్టి చిల్లు పడితే అతుకు వేయడం తేలిక. పడవలిచ్చి చేతులు దులుపుకోకుండా, వాటిని నడపడంతో పాటు ఇంజిన్ మెయింటెనెన్స్ కూడా నేర్పే స్కూల్‌ని హిగ్గిన్స్ నడిపారు. 1938లో 75 మంది ఉన్న సంస్థ యుద్ధకాలంలో 20 వేలు దాటింది. జాతి వివక్ష చట్టబద్ధంగా ఉన్న ఆ ఊళ్లో నల్లజాతి వాళ్లనీ, మహిళల్నీ పనిలోకి తీసుకుని, ఒకే పనికి ఒకే జీతం ఇచ్చారు.

యుద్ధం ముగిశాక ఆర్డర్లు ఆగాయి, కార్మిక గొడవలు వచ్చాయి, సంస్థ మునుపటి స్థాయికి చేరలేదు. హిగ్గిన్స్ 1952లో కన్నుమూశారు.

ఈ పని మన దగ్గరా ఉంది. విశాఖలోని తూర్పు నౌకాదళంలో ఉన్న ఐఎన్‌ఎస్ జలాశ్వ, ల్యాండింగ్ క్రాఫ్ట్‌ల్ని తన లోపల మోసుకెళ్లే ఓడ. 1971లో అమెరికా నేవీలో ట్రెంటన్‌గా చేరి, 2007లో మన నేవీకి వచ్చింది. అంత వయసున్న ఓడ కదలాలంటే పంపులు, వాల్వులు, ఇంజిన్ల గురించి తెలిసిన చేతులు కావాలి. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ నోటిఫికేషనో, షిప్‌యార్డ్ మెయింటెనెన్స్ పోస్టో కనిపిస్తే స్క్రోల్ చేసి వెళ్లిపోకండి. ఏది ఎక్కడ పాడవుతుందో రోజూ చూసినవాడికే, పాడవకుండా ఎలా కట్టాలో ముందు తెలుస్తుంది.