నెత్తుటికి కొలత నిచ్చిన సుబ్బారావుగారు

రోగి వైద్యుని యెదుట కూర్చుండి తన బాధను చెప్పుకొనగలడు. చంటిబిడ్డ చెప్పలేదు, కొట్టములోని యావు చెప్పలేదు. అట్టి మూగప్రాణుల పక్షమున సాక్ష్యము పలుకవలసినది వాని నెత్తురే. ఆ సాక్ష్యమును అంకెలలో వ్రాసికొను విద్యను లోకమునకు నేర్పినవారిలో మన యెల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. ఆయన మందులను గూర్చి పలువురు వ్రాసియున్నారు. ఆ మందులకు ముందు పుట్టిన కొలతను గూర్చి మేము ముచ్చటింపదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసులో గట్టెక్కిరి. అచ్చటి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. అంతకుమించిన దెబ్బ యింట తగిలెను. స్ప్రూ యను గ్రహణిరోగము ఇరువురు సోదరులను కొలదిదినముల యెడముతో బలిగొనెను. ఆ రోగమూలము నాడు వైద్యుల కెవరికిని తెలియదు. తెలిసికొనవలెనను పట్టుదలతో 1922లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కె ప్రయోగశాలలో ప్రవేశించిరి.

1925లో వారిరువురును నెత్తుటిలోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. నెత్తుటినుండి మాంసకృత్తులను ఆమ్లముతో తొలగించి, మిగిలిన తేటలో మాలిబ్డేటు లవణమును, దానివెంట మరియొక రసాయనమును చేర్చిన నీలివర్ణము పుట్టును. భాస్వర మెంత యధికమో నీలి యంత గాఢము. తెలిసిన ద్రవముతో ఆ రంగును పోల్చిన అంకె తేలును. పెద్దలయందు నూరు మిల్లీలీటర్లకు సుమారు 2.5 మొదలు 4.5 మిల్లీగ్రాములవరకు సహజము, పిల్లలయందు అంతకధికము. రికెట్సు పట్టిన బిడ్డయం దది తరచుగా తగ్గును. మూత్రపిండములు చెడిన రోగియందు పెరుగును. భాస్వరము కొరవడిన నేలలో మేయు పశువులు ఎముకలు కొరుకును, చిక్కిపోవును; వాని నెత్తుటిలోను ఈ యంకె పడిపోవును. మనుష్యునకును పశువునకును త్రాసు ఒక్కటే. యంత్రములు మారినను, మాలిబ్డేటుతో భాస్వరమును పట్టు మూలసూత్రము నేటికిని నిలిచియున్నది.

ఆ కొలతయే గొప్ప యావిష్కారములకు ద్వారము తెరచెను. కండరమునుండి తీసిన ద్రవమున నీలివర్ణము ఒక్కసారిగా తేలక, క్రమముగా పెరుగుచుండెను. దానిని పొరపాటని త్రోసివేయక వెదకగా, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో జీవశక్తికి నాణెమువంటి ఏ.టి.పి. బయల్పడినవి. జర్మనీలో లోమన్ పండితుడును ఏ.టి.పి.ని అదే 1929లో స్వతంత్రముగా కనుగొనెను.

ఇంత చేసినను హార్వర్డున స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెడలిరి. అచ్చట వారి బృందము ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను మ్రింగిన స్ప్రూ రోగమునకు అది యుపకరించెను. 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు పురుగులపై పనిచేసెను. ఆ పురుగుల పిల్లలు మన దేశమున రాత్రివేళ నెత్తుటిలో కానవచ్చునుగాన, రోగమును గుర్తించుటకును మందు ఫలమును చూచుటకును మరల నెత్తుటిబొట్టే యాధార మయ్యెను. 1948 ఆగస్టులో, 53 యేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు న్యూయార్కున దివంగతులైరి. స్వదేశమున ఆయన పేరు తపాలాబిళ్లపై కెక్కుట 1995లో, శతజయంతి వత్సరముననే.

ఒక హెచ్చరికయు నవసరము. అంకెయే రోగము కాదు. తీసిన నెత్తురు నిలువయుండి కణములు పగిలినచో, లోని భాస్వరము వెలికివచ్చి కొలత యబద్ధమాడును. కావున సాక్షిని ప్రశ్నించుటయు వైద్యుని ధర్మమే.

అయినను సాక్షి నసలు పిలువకయే తీర్పుచెప్పుట యంతకంటె దోషము. ఆవు ఎముక కొరికినచో దిష్టి యని తాయెత్తు కట్టువారును, బిడ్డ కాళ్లు వంకరబోయినచో తలవ్రాత యని యూరకుండువారును, భీమవరపు బిడ్డ యొకడు ఆ వ్రాతను చదువు నీలిసిరా చేసియుంచెనని తెలిసికొందురుగాక. పశువైద్యశాలకు ఒక సీసాడు నెత్తురు పంపుటకంటె ఆయనకు మనము చేయగల తర్పణము వేరొకటి లేదని మా విశ్వాసము.