బందరు బడిలో ఇరువది రెండేండ్లు

చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 3:5–9



సంవత్సరమంతయు ప్రయాసపడి, కడపట లెక్క చూచుకొని, ఫలము ఇంతేనా అని నిట్టూర్చిన సేవకుడు మనలో ఎవడైన నున్నయెడల, రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ దొరగారి జీవితమును ఈ నెల ధ్యానించుట మేలు.

ఆయన 1809వ సంవత్సరమున ఇంగ్లాండులోని లీస్టరుషైరులో ఒక సంఘకాపరి కుమారుడుగా పుట్టెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి గురువాయెను. 1841లో చర్చి మిషనెరీ సొసైటీ పక్షమున హెన్రీ వాట్సన్ ఫాక్సు అను యౌవనునితో కూడ ఓడనెక్కి వచ్చి బందరు చేరెను. తెలుగువారి మధ్య ఆ సొసైటీ చేసిన సేవకు అదియే ఆరంభము.

ఆ యిద్దరును పని పంచుకొనిరి. ఫాక్సుగారు ఊరూర తిరిగి సువార్త ప్రకటించెను. నోబుల్ గారు బడి పెట్టవలెనని నిశ్చయించుకొనెను. ఫాక్సుగారికి 1845లో భార్య చనిపోయెను. తరువాత ఆయన దేహబలము కూడ తగ్గి, ఇంగ్లాండునకు మరలిపోయి, 1848లో 31 ఏండ్లకే ప్రభువునందు నిద్రించెను. బందరులో మిగిలిన నోబుల్ గారు వివాహము లేనివాడై, ఒక్క బడినే తన యిల్లుగాను సంసారముగాను ఎంచుకొనెను.

ఆ బడి 1843 నవంబరులో ఇద్దరు పిల్లలతో తెరువబడెను. ఇది బోర్డింగు బడి కాదు. పట్టణములోని పెద్ద కులముల కుమారులును మహమ్మదీయుల పిల్లలును ఉదయమున వచ్చి, ఇంగ్లీషు, గణితము మొదలైనవి నేర్చుకొని, సాయంకాలమున తమ తమ యిండ్లకు పోవుచుండిరి. పై చదువులకును సర్కారు ఉద్యోగములకును అది మార్గమని తలిదండ్రులు వారిని పంపిరి. అయితే బైబిలు పాఠము అందరికిని తప్పనిసరి అని నోబుల్ గారు మొదటినుండియు బాహాటముగా చెప్పెను. ఎవరిని మోసపుచ్చి చేర్చుకొనలేదు.

తొమ్మిదేండ్లు గడిచెను. పిల్లలు పెరిగిరి, బడియు పెరిగెను. బాప్తిస్మమునకు మాత్రము ఒక్కడును రాలేదు. తుదకు 1852లో ఐనాల భూషణము, మంచాల రత్నము అను ఇద్దరు యువకులు క్రీస్తును ఒప్పుకొనిరి. పగలు బడిలో విన్నదానిని సాయంకాలము ఇంటిలో దాచుకొని బ్రదుకుట వారికి ఇక శక్యము కాకపోయెను. వారు ఇల్లు విడిచి గురువు ఇంటికి వచ్చిరి. బంధువులు ఏడ్చుచు వచ్చి బ్రతిమాలిరి. పట్టణమంతయు ఉడికిపోయెను. వారి బాప్తిస్మముతో బడి ఖాళీ ఆయెను.

తొమ్మిదేండ్ల కష్టము ఆ విధముగా ఖాళీ బల్లలైన దినమున ఆయన స్థలము మార్చలేదు. బైబిలు పాఠము తీసివేసెదనని మాట యిచ్చి పిల్లలను రప్పించుకొనలేదు. కనిపెట్టుకొని యుండెను. కొంతకాలమునకు పిల్లలు ఒక్కొక్కరే మరల వచ్చిరి. 1855లో జానీ అలీ అను మహమ్మదీయ విద్యార్థి బాప్తిస్మము పొందెను. అతడు తరువాత కేంబ్రిడ్జిలో పట్టము పొంది, తన జాతివారి మధ్య సువార్త సేవ చేసెను. రత్నము గారును భూషణము గారును గురువులై తెలుగు సంఘమును సేవించిరి.

ఇక్కడ దాచరాని సంగతి యొకటి కలదు. మాలమాదిగల పిల్లలను ఆ బడిలో చేర్చుకొనలేదు. వారిని చేర్చినయెడల పెద్ద కులములవారు రారు, వారికి వాక్యము వినిపించు వేరొక ద్వారము లేదు అని నోబుల్ గారి తలంపు. ఆ తలంపును ఇప్పుడు మనము సమర్థింప నక్కరలేదు. మన గ్రామసంఘములలో పెక్కుమంది ఆ మూసిన గుమ్మము వెలుపల నిలిచినవారి సంతతివారే. ఆ మాట చదివినప్పుడు నా మనస్సు కూడ నొచ్చినది.

అయితే దేవుడు ఏమి చేసెనో చూడుడి. బందరులో నోబుల్ గారు పెద్ద కులముల పిల్లలకు పాఠము చెప్పుచున్న ఆ కాలముననే, రాఘవాపురములో పగోలు వెంకయ్య అను మాలవాడు సత్యదేవుని వెదకుచుండెను. ఆయనను ఏ బడియు పిలువలేదు. ఆయనయే వెదకుకొనుచు వచ్చి, 1859లో డార్లింగు దొరగారి చేత బాప్తిస్మము పొందెను. ఆయన వెనుక ఆయన జనులు వచ్చిరి. మనిషి మూసిన గుమ్మము దేవునికి అడ్డము కాలేదు. నోబుల్ గారు ఎదురుచూచిన పంట ఆయన దున్నిన చేనిలో కాక ప్రక్క చేనిలో పండినది. పంట యజమానుడు మాత్రము ఒక్కడే.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో సముద్రము బందరు మీదికి వచ్చెను. ఇంచుమించు 30,000 మంది చనిపోయిరి. ఆ గొప్ప శ్రమను చూచిన నోబుల్ గారు మరుసటి సంవత్సరము, 1865 అక్టోబరు 17న బందరులోనే కన్నుమూసెను. వచ్చిన తరువాత 24 ఏండ్లలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు. ఆయన దినములలో ఆ బడినుండి బాప్తిస్మము పొందినవారు కొద్దిమందియే. బడి మాత్రము నిలిచి, పెరిగి, ఆయన పేరనే నోబుల్ కళాశాల ఆయెను.

అపొల్లో నీళ్లు పోయుటకు పౌలు ముందుగా నాటవలెను. వృద్ధి కలుగజేయుట వారిద్దరి పనియు కాదు. ఫాక్సుగారు నడిచిరి, నోబుల్ గారు కూర్చుండి నేర్పిరి, వెంకయ్యగారు వెదకిరి. సహోదరులారా, మీ ఆదివారపు బడిలో ఇద్దరే పిల్లలున్నారా? ఆ ఇద్దరికి పాఠము చెప్పుడి. వెలుపల నిలిచిన మూడవ బిడ్డ ఎవరో గుమ్మము దాటి వెళ్లి చూడుడి. నోబుల్ గారి జీవితములో మొదటిది మనకు మాదిరి, రెండవది మనకు హెచ్చరిక.

ప్రార్థన: ప్రభువా, మాకు అప్పగించిన చోట నిలిచియుండు ఓర్పు నిమ్ము. మేము మూసిన తలుపులను నీవే తెరువుము. ఆమేన్.