రహీం సాబ్: ఒక బడిపంతులు గెలిచిన ఫైనల్

ఫుట్‌బాల్ అభిమానులు గొప్ప ఫైనల్ అనగానే 1960 మే 18వ తేదీని తలచుకుంటారు. ఆనాడు గ్లాస్గోలోని హాంప్డెన్ పార్కులో రియల్ మాడ్రిడ్ 7-3 తేడాతో ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌ను చిత్తు చేసి యూరోపియన్ కప్పు ఎత్తుకుపోయింది. పుష్కాష్ ఒక్కడే 4 గోల్స్ కొట్టాడు. బాగానే ఉంది. కానీ మన హైదరాబాదు గల్లీల్లోంచి వచ్చినవాళ్ళు గెలిచిన ఫైనల్స్ సంగతి మనలో ఎందరికి తెలుసు?

నాకూ తెలియదు. మాది ముదిగొండ. మునేటి ఇసుకలో, కోత కోసిన చేలల్లో ఉత్త కాళ్ళతో బంతి తన్నినవాణ్ణి. ఈ కళాశాలలో చేరాక మా జట్టు మొదటి అంతర కళాశాలల పోటీలోనే 7-0తో ఓడింది. భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఇద్దరు మిత్రులకైతే కాళ్ళకు బూట్లు కూడా లేవు. జనం నవ్వారు. ఆ రాత్రి హాస్టల్లో జట్టు రద్దు చేసుకుందామని తీర్మానించుకున్నాం. మర్నాడు మా డ్రిల్లు మాస్టారు మమ్మల్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం కథ చెప్పారు. అదే ఇక్కడ నాకు చేతనైనట్లు రాస్తున్నాను.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా కుదిరారు. పాఠం చెప్పే అలవాటే ఆయన్ను గొప్ప శిక్షకుణ్ణి చేసిందేమో! 1942 మొదలు చివరిదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నారు. 1950లో సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. అప్పటికి మా ఖమ్మం ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉండేది.

ఆ ఏడే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్. ఎదురుగా కలకత్తా మోహన్ బగాన్. ఆ మహా జట్టును మన పోలీసులు ఓడించారు. బొంబాయిలో రోవర్స్ కప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్ళు మనవాళ్ళదే!

ఆయన పద్ధతి చూడండి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే ఆడాలని ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. బంతిని పట్టుకు కూర్చోకుండా వెంటనే అందించమనేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడ పేద కుర్రాడు తులసీదాస్ బలరాం సాధనకు రావడానికి సైకిలు కిరాయి డబ్బులు తానే ఇచ్చారు. ఆ కుర్రాడే తర్వాత దేశం మెచ్చిన ఫార్వర్డ్ అయ్యాడు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఆయన జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవం! మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. మరొకరైతే ఇంటికెళ్ళి తలుపేసుకునేవారు. రహీం మాత్రం ఆ ఓటమినే పాఠంగా తీసుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి భారతజట్టు సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్ళిన మొదటి ఆసియా జట్టు మనదే.

ఇక 1962 జకార్తా. అప్పటికే క్యాన్సర్ ఆయన్ను లోలోపల తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లో కొరియా చేతిలో 2-0 ఓటమి. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న వివాదంలో మన అధికారి ఒకరు నోరు విప్పినందుకు ఊరు ఊరంతా మనపై మండిపడుతోంది. డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి వెనక్కి కాదు, ముందుకు ఫార్వర్డ్‌గా పంపారు! సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ కొరియానే. మైదానం నిండా మనల్ని గేలిచేసే జనం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.

2024లో ఆయన జీవితంపై మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది కాబట్టి ఇప్పటి కుర్రాళ్ళకు పేరైనా తెలిసింది. మాకు మాత్రం ఆనాడు మాస్టారి మాటే సినిమా. ఆ సాయంత్రం మళ్ళీ గ్రౌండులోకి దిగాం. మరుసటి ఏడూ ఓడాం, కానీ 2-1తోనే! ఆ ఒక్క గోలూ బూట్లు లేకుండా వచ్చిన ఆ భద్రాచలం మిత్రుల్లో ఒకడు కొట్టాడు, అదీ తనకు చేతగాని ఎడమకాలితో.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఓడిపోవడం సిగ్గు కాదు. ఓటమి నుంచి ఏమీ నేర్చుకోకుండా ఇంటికి పోవడమే సిగ్గు. సాయంత్రం అయిదింటికి గ్రౌండు ఖాళీగానే ఉంటుంది. వెళ్ళండి మరి!