దుర్గాబాయి దేశ్‌ముఖ్ – విడాకుల న్యాయము

పత్తిచేలు, మిరపతోటలు నిండిన గుంటూరు, ఒంగోలు సీమలలో సరిపడని దంపతులు పెద్దల పంచాయితీలో కాగితము వ్రాసికొని విడిపోవుట కలదు. కులాచారము రుజువైనచోట దప్ప ఆ కాగితము హిందూ వివాహమును రద్దుచేయజాలదు. ఈ సందర్భమున శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము స్మరణీయము.

1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవయేటనే పెండ్లి చేసిరి. యుక్తవయస్సు రాగా ఆమె ఆ కాపురమునకు సమ్మతింపలేదు. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. భర్త వేరొకతెను పెండ్లాడెను. ఆనాటి ధర్మశాస్త్ర న్యాయము పురుషునకా వెసులుబాటు నిచ్చెనుగాని, స్త్రీకి విడుదల నీయలేదు. 1941లో అతడు మరణింపగా, ఆ రెండవ భార్యకు చేయూతనిచ్చినది దుర్గాబాయియే.

ఆమె న్యాయవాదియై, 1946లో రాజ్యాంగసభ సభ్యురాలాయెను. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని పెండ్లాడెను. ఆ యేటనే చైనాలో కుటుంబ న్యాయస్థానములను గాంచి, మనకును అట్టివి కావలెనని కోరెను. 1949 నాటి మద్రాసు చట్టము, 1955 నాటి హిందూ వివాహ చట్టము విడాకుల నొసగినను కారణము రుజువుచేయవలసియుండెను. 1976లో పరస్పర సమ్మతి విడాకులు వచ్చెను. ఆమె 1981 మే 9న మరణించెను. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వెలువడెను.

నేడు తప్పు మోపనక్కరలేదు. ఏడాదియైన వేరుగానుండి, కలిసి బ్రదుకజాలమని ఇరువురును జంటగా అర్జీ నీయవలెను. ఆరు నెలల పిమ్మట, 18 నెలలలోపల మరల కోరవలెను. తగిన సందర్భమున ఆ ఆరు నెలల గడువును న్యాయస్థానము తొలగింపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పెను. నడుమ ఏ యొక్కరు సమ్మతిని ఉపసంహరించినను అర్జీ నిలువదు. బలవంతపు వేలిముద్ర సమ్మతి కాదు. బాలికకు లేకపోయిన ఆ హక్కును నేటి స్త్రీ యెరిగి వాడుకొనుటయే ఆమెకు నిజమైన నివాళి.